బొమ్మ పడలేదు

కంప్యూటర్‌లో ఫ్యాను తిరుగుతోంది. ముందు పచ్చదీపం వెలుగుతోంది. తెర మాత్రం నల్లగా ఉంది.

"పొద్దున బానే ఉందండీ," అన్నాడు రవికాంత్ సారు, ఎదురుగా కూర్చున్న కుర్రాళ్ళకి సంజాయిషీ ఇస్తున్నట్టు. "గ్రాఫిక్స్ కార్డు కొత్తది. ఇవాళే బిగించాం. ఇప్పుడేంటో బొమ్మే పడట్లేదు."

ఊరంతా కంప్యూటర్ నేర్చుకుంటున్న రోజులవి. అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో ఆకాశం చూడాలంటే కోర్సుల ఫ్లెక్సీలు పక్కకి జరపాలి. అలాంటి సందులో, హార్డ్‌వేర్ కోర్సుకి ఉచిత డెమో అని పిలిచి, ఆ హార్డ్‌వేరే మొరాయిస్తే అంతకన్నా తలవంపులు ఏముంటాయి?

వెనక బెంచీలో భానుచందర్‌కి ఒళ్ళు మండిపోతోంది.

వాడిది సిరిసిల్ల. పంజాగుట్టలో చీరల దుకాణంలో పనిచేసే అక్క మమత దగ్గర ఉంటున్నాడు. డిగ్రీ ఎలాగో గట్టెక్కింది. జావా డెమోకి వెళ్ళాడు, ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. ఒరాకిల్ అంతే. టెస్టింగ్ డెమోలో ధైర్యం చేసి ఏదో అడిగితే పక్కవాళ్ళు నవ్వారు. నిన్న తండ్రి సిద్ధిరాములు ఫోన్లో తేల్చేశాడు.

"నీతోని కాదు బిడ్డా. రేపు సుత ఏం తేలకుంటే బస్సెక్కి వచ్చెయ్. సాంచెల కాడ మనిషి కావాలె."

సాంచెలంటే మరమగ్గాలు. వాటి మధ్యే పుట్టి పెరిగాడు, ఆ పనంటే చిన్నచూపేమీ లేదు. 'నీతోని కాదు' అన్న మాటే పొద్దుట్నుంచీ గుచ్చుతోంది. బట్టల సంచి సర్దుకునే వచ్చాడు. ఇదే ఆఖరి డెమో. అక్క షాపులో బతిమాలి సెలవు పెట్టి మరీ వెంట వచ్చింది.

తీరా వస్తే ఇదీ వరస.

సారు డబ్బా మూత విప్పాడు. కార్డు పీకి మళ్ళీ నొక్కి పెట్టాడు. నలుపే. ర్యామ్ తీసి, దాని అంచుని పెన్సిల్ రబ్బరుతో రుద్ది పెట్టాడు. నలుపే. రిసెప్షన్‌లో కూర్చునే సుమశ్రీ పక్క గదిలోంచి మరో మానిటర్ మోసుకొచ్చింది. దాని వైరు కూడా సారే బల్ల వెనక్కి వంగి బిగించాడు. అదీ నలుపే.

"ఇవాళే చావాలా ఇది," అని సారు డబ్బా మీద అరచేత్తో ఒక్కటిచ్చాడు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

ముందు వరసలో ఇద్దరు లేచారు. "పక్క బిల్డింగ్‌ల ఇంకో డెమో ఉన్నది భాయ్, పా," అనుకుంటూ వెళ్ళిపోయారు.

"మనం సుత పోదాం అక్కా," అన్నాడు భానుచందర్. "సారుకే వస్తలేదు, నాకేం నేర్పుతడు?"

"జర ఆగురా. ఇంత దూరం వచ్చినం గదా."

సారు చెవిన పడినట్టుంది. తలెత్తి చూశాడు. ముందు వాడి మొహం వంక, తర్వాత వాడి కాళ్ళ దగ్గరున్న బట్టల సంచి వంక.

"తమ్ముడూ, నువ్వే. ఇలా వచ్చి ఈ టార్చి పట్టుకో. వెనకంతా చీకటిగా ఉంది."

భానుచందర్ విసుక్కుంటూనే వెళ్ళి బల్ల కింద దూరాడు. దుమ్ము. చిక్కుపడ్డ వైర్లు. సారు ముందువైపు ఏదో కెలుకుతున్నాడు. టార్చి వెలుగులో మానిటర్ వైరు ఒక సాకెట్‌లో బిగించి ఉంది. కాస్త కిందుగా అచ్చం అలాంటిదే ఇంకోటి, కొత్తగా మెరుస్తూ, ఖాళీగా ఉంది.

సాంచె మీద పోగు తన కన్నం తప్పి పక్క కన్నంలో దూరితే బట్ట చెడుతుంది. చిన్నప్పట్నుంచీ అలాంటి పోగుల్ని పట్టుకున్న కళ్ళు వాడివి.

"సార్, గీ కొత్త కార్డుకు సుత ఒక సాకెట్ ఉన్నది గదా. వైరు పాతదాంట్లనే పెట్టిన్రు."

"ఏదీ?"

"గిక్కడ. మార్చి చూడాల్నా?"

"చూడు. పోయేదేముంది."

భానుచందర్ వైరు పీకి కొత్తదాంట్లో గుచ్చాడు. మరలు బిగించి బయటికొచ్చాడు. సారు కంప్యూటర్ ఆపి మళ్ళీ ఆన్ చేశాడు. తెర ఒకసారి మినుకుమంది. తెల్లటి అక్షరాలొచ్చాయి. ఆ వెనకే రంగురంగుల బొమ్మ పడింది.

ఎవరో చప్పట్లు కొట్టారు. తర్వాత అందరూ కొట్టారు. మమత కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

సారు కుర్చీలో కూలబడి మొహం తుడుచుకున్నాడు. "ఇంతసేపూ కొట్టుకున్నాను, నాకు తట్టలేదు. మీ నాన్నగారు ఏం చేస్తుంటారు?"

"సాంచెలు నడుపుతడు సార్."

"అదీ సంగతి. ఆ కన్ను నేర్పితే వచ్చేది కాదయ్యా. మిగతాది నేను నేర్పుతాను."

సుమశ్రీ బ్యాచ్‌లో మొదటి పేరుగా వాడి పేరు రాసుకుంది. వాడే చేరాక ఇక మిగిలినవాళ్ళు వెనకాడలేదు.

కింద టీకొట్టు పక్కన ఎస్టీడీ బూత్ ఉంది. భానుచందర్ సిరిసిల్లకి ఫోన్ కలిపాడు.

"నాయినా, సారుకు దొరకనిది నేను పట్టిన."

"నువ్వేనా?"

"నేనే నాయినా."

అవతల సాంచెల చప్పుడుని మించి తండ్రి గొంతు వినబడింది.

"అయితే ఆడ్నే ఉండు బిడ్డా," అన్నాడు సిద్ధిరాములు. "ఈడి సంగతి నేను జూసుకుంట."

బట్టల సంచి మమత తన భుజానికి తగిలించుకుంది. అక్కాతమ్ముళ్ళిద్దరూ పంజాగుట్ట వైపు నడిచారు.

పైన, తర్వాతి డెమోకి కుర్రాళ్ళు మెట్లెక్కుతున్న చప్పుడు వినగానే, రవికాంత్ సారు బల్ల కింద దూరి, కొత్త కార్డులోంచి వైరు పీకి, ఎప్పట్లాగే పాత సాకెట్‌లో బిగించాడు.