ఓనరు గోడ మీద బొమ్మ

పుంగనూరులో ఆ ఇంటి ఓనరుకు కళలంటే ప్రాణం. కొత్తగా కొన్న బొమ్మను హాల్లో తగిలించి, వెనక గదిలో అద్దెకుండే నాగులమ్మనూ, మనవరాలు సుజితనూ పిలిచి చూపించాడు.

బొమ్మలో పచ్చబొట్లున్న రెండు చేతులు బుట్ట అల్లుతున్నాయి. వేసింది సుజితే.

“సూడమ్మా, ఎరుకలోళ్ల బొమ్మ మీ పాప ఎంత బాగా ఏసిందో! కుప్పం యూనివర్సిటీకి పోయి వాళ్ల బాస గూడా నేర్సుకుంటాండాదంట. ఇట్లాంటివి మనమే కాపాడల్ల.”

నాగులమ్మ తన చేతులు కొంగులో చుట్టుకుని నవ్వింది.

“అన్నట్టు, మేడమీది గది కోసరం ఎవురో ఎరుకలోళ్లు వచ్చినారు. లేదని పంపించేస్తి. మీ మాదిరి మంచోళ్లుండే ఇల్లు గదా!”

గదికి రాగానే సుజిత తన కోపమంతా కుప్పంలో నేర్చుకున్న భాషలోనే వెళ్లగక్కింది.

నాగులమ్మ గబగబా తలుపు వేసింది. ‘మన బాస నాకు ఒక్క ముక్క రాదు’ అని ఇన్నేళ్లూ బుకాయించిన అవ్వ, ఎక్కడా తడబడకుండా ఆ భాషలోనే అంది:

“మెల్లగా మాట్లాడు. ఓనరు వింటాడు.”