ఇరవై పోగులు ఎక్కువ

టప్పుమని పట్టీ తెగింది.

"రెండు టన్నులు" అంటూ యంత్రం మీది అంకె రాసుకుంది నందిత. తిరుపతిలోని ఆ పరీక్షా కేంద్రంలో ఆమె ఇంజనీరు.

మురుగేష్ తెగిన ముక్కలు చేతిలోకి తీసుకున్నాడు. నగరిలో అతని మగ్గాల షెడ్డు, కోదండం షెడ్డు పక్కపక్కనే.

"మేడమ్ ఇచ్చిన కాగితంలో ఎన్ని పోగులు రాసుండారో అన్నే పోసినా కదప్పా" అన్నాడు.

"సరిగ్గా రెండు టన్నులకే తెగిపోతే ఎట్టప్పా? నాలుగు పోగులు ఎక్కువేస్తే నీ సెయ్యి అరిగిపోతాదా?" అన్నాడు కోదండం.

"ఊరుకోయ్యా. ఆయనా ఆశతోనే గదా వచ్చినాడు" అంది కోదండం భార్య చౌడేశ్వరమ్మ.

చీరలకు గిరాకీ తగ్గి ఏడాదైంది. కోదండం నాలుగు మగ్గాల్లో మూడు ఆగిపోయాయి. ఈ నైలాన్ పట్టీ నెగ్గితే అవి మళ్ళీ తిరుగుతాయి. లేదంటే పాత ఇనుము కింద పోతాయి. పట్టీ ఎందుకో వాళ్ళకు తెలిసింది ఇంతే: విమానం ఆగకుండా దూసుకొస్తే రన్‌వే చివర పెద్ద వల లేపుతారు. ఆ వలను స్తంభాలకు కట్టేది ఈ పట్టీతోనే.

అది విన్న రోజే చౌడేశ్వరమ్మ పడుగు దగ్గర కూర్చుంది.

"ఇంకో ఇరవై పోగులు కలుపయ్యా. ఆ ఇమానంలో యా తల్లి బిడ్డ ఉంటాడో."

"కాగితంలో లేదే."

"కాగితం కన్నదా బిడ్డని?"

కోదండం కలిపాడు.

ఇప్పుడు ఆ పట్టీని యంత్రానికి బిగించారు. రెండు టన్నులు దాటింది. రెండున్నర. మూడు. పట్టీ సన్నగా మూలిగింది, అంతే.

"సూస్తివా మురుగేషూ!"

నందిత యంత్రం ఆపేసింది.

"ఎన్ని పోగులు వేశారండీ?"

"మీరు సెప్పినదానికి ఇరవై ఎక్కువేసినాం మేడమ్. మా ఇంటామె మాట."

చౌడేశ్వరమ్మ సిగ్గుపడి కొంగు సర్దుకుంది.

నందిత పట్టీని వేళ్ళతో ఒకసారి తడిమింది. నేత ఎక్కడా వంక పెట్టేలా లేదు. ఆర్డరు కాగితం తీసి మురుగేష్ చేతికిచ్చింది.

కోదండం మొహం ఎర్రబడింది. "ఇదేం న్యాయం మేడమ్? తెగినదానికా ఆర్డరు?"

నందిత చౌడేశ్వరమ్మ వైపు తిరిగి మెల్లగా అంది:

"రెండు టన్నులకు ఈ పట్టీ తెగి, స్తంభాల నుంచి ఊడితేనే వల విమానాన్ని చుట్టుకుంటుందమ్మా."