ఇరవై నిమిషాల సర్

“ఐదింటికి మా ఆయన బతికే ఉన్నాడని ఫోన్లో చెప్పింది నువ్వే కదా?” మిసెస్ కోల్డ్‌రిక్ డెత్ సర్టిఫికెట్‌ని బల్ల మీద పెట్టి వేలితో పొడిచింది. “మరి ఇందులో నాలుగూ పదికి పోయాడని ఎందుకుంది?”

దోహాలో ఓ ఆస్పత్రి ఆఫీసు గది అది. నర్సు సుసన్న తల వంచుకుని నిలబడింది. పక్కన నర్సింగ్ సూపర్‌వైజర్ ప్రమీల, ఏసీలో కూడా చెమటలు తుడుచుకుంటోంది.

సుసన్న జేబులో ఫోను వణికింది. తీసి చూసింది. మెసయీద్ ప్లాంటులో డ్యూటీలో ఉన్న భర్త రాజ్ కిరణ్ నంబరు. అన్నం తిన్నావా అని రోజూ ఈ వేళకే చేస్తాడు. కట్ చేసింది.

“ఆ రోజు లండన్‌లో మా మామగారు పోయారు. మీ టైము నాలుగూ నలభై,” అంది మిసెస్ కోల్డ్‌రిక్. “ఆయన సర్. తొంభై ఏళ్ళ కింద రాజుగారు మా మామగారి తాతకిచ్చిన బిరుదు. తండ్రి పోగానే కొడుక్కి వస్తుంది. మా ఆయన హ్యూ ఆ వరసలో నాలుగోవాడు. మాకు కొడుకుల్లేరు కాబట్టి అతనితోనే ఆఖరు. ఐదింటిదాకా ఉంటే ఇరవై నిమిషాలైనా సర్ అయినట్టు. నాలుగూ పదికే పోతే ఏమీ కానట్టు.”

చచ్చినవాడికి బిరుదెందుకని నవ్వకండి. శుభలేఖలో పేరు కింద వేశారని పదేళ్ళు మాటలు మానేసే జాతి మనది.

“అరవై ఏళ్ళూ సర్‌గారబ్బాయి అనే అన్నారు,” అంది ఆమె. “తండ్రి ఏనాడూ లెక్కచెయ్యలేదు. బిరుదులున్న వంశాల పేర్లు అచ్చేసే పుస్తకంలో నాలుగో పేరు తనదవ్వాలని ఒక్కటే ఆశ అతనికి. చార్టులో టైము తప్పని ఒక్క ముక్క రాసివ్వు. ఇంకేం అడగను.”

ప్రమీల సుసన్న చెవి దగ్గరికి వంగింది. “చార్టు తప్పంటే డాక్టరుగారి మెడకి చుట్టుకుంటుంది. అబద్ధమాడానంటే నీ ఉద్యోగం ఊడుద్ది. ఏడిసినట్టుంది నీ మంచితనం! ఫోన్లో సరిగ్గా వినపడలేదని చెప్పి తప్పుకోవే తల్లీ.”

ఫోను మళ్ళీ వణికింది. ఈసారి చూడకుండానే కట్ చేసింది.

“చార్టు కరెక్టే మేడం,” అంది సుసన్న. “మీరు ఫోన్ చేసేటప్పటికే ఆయన లేరు. కళ్ళు మూసింది నేనే. మీకు అబద్ధం చెప్పాను.”

“ఎందుకు?”

“మా వైపు చావు కబురు ఒక్కసారిగా చెప్పరు మేడం. సీరియస్‌గా ఉంది, వెంటనే బయల్దేరండి అంటారు. వచ్చే దారిలో మనసు కాస్త గట్టిపడుతుందని. అప్పుడే మామగారు పోయారన్నారు మీరు. ఇక నాకు నోరు రాలేదు.”

“నువ్విప్పుడు సర్‌వి అని అతని చెవిలో చెప్పమన్నాను. చెప్తానన్నావు!”

“చెప్పాను మేడం. మాటిచ్చాను కదా. దుప్పటి తీసి చెవిలో చెప్పాను.”

మిసెస్ కోల్డ్‌రిక్ సర్టిఫికెట్‌ని తన వైపు లాక్కుంది.

“ఏడు గంటలు,” అంది. “విమానంలో ఏడు గంటలూ అతను బతకాలని దేవుణ్ణి వేడుకున్నాను. అప్పటికే చచ్చినవాడి కోసం! ఇదా మీ జాలి? నీ మీద కంప్లైంటు పెడుతున్నాను.”

సర్టిఫికెట్ మడిచి బ్యాగులో పెట్టుకుని వెళ్ళిపోయింది. ప్రమీల కుర్చీలో కూలబడింది.

“ఖలాస్. నీ ఉద్యోగం ఖలాస్, సుసన్నా. హరిశ్చంద్రుడి చెల్లెల్లా ఎవరు చెప్పమన్నారే నిన్ను?”

ఫోను మూడోసారి వణికింది. ఈ కబురు ఎలాగూ ముందు మొగుడికే చెప్పుకోవాలి. సుసన్న ఎత్తింది.

“ఏవండీ, నా ఉద్యోగం...”

“వదినా, నేను సాయిబాబును.”

సాయిబాబు జగిత్యాల మనిషి, రాజ్ కిరణ్‌తో కలిసి పనిచేస్తాడు. ఎప్పుడూ పక్క గదిలోకి వినపడేలా అరిచి మాట్లాడేవాడు, ఇవాళ మెల్లగా మాట్లాడుతున్నాడు.

“అన్న ప్లాంట్ల నిచ్చెన మీదికెల్లి పడ్డడు వదినా. జర సీరియస్ గున్నది. పరేషాన్ గాకు. కంపెనీ బండి పంపిస్తున్నం, నువ్వు ఎంటనే బయలెల్లు.”

సుసన్న గోడ పట్టుకుంది. ఒక్కటే అడిగింది.

“ఎన్నింటికి పోయారు, తమ్ముడూ?”