నలభై రోజుల ఎడబాటు

పాటలన్నీ యంత్రాలే కడుతున్న ఆ కాలంలో, మనుషుల ఆల్బమ్ బయటికి రావాలంటే అందులోని అనుభవం నిజమని రుజువు కావాలి. మణికట్టు పట్టీలో నమోదైన నాడి వేగమే ఆ రుజువు. అందుకే విరహం మీద ఎనిమిది పాటలు కట్టిన కాంచన, తన పాటకు వయొలిన్ వాయించే భర్త అనంతశయనాన్ని నలభై రోజులు తెనాలిలోని ఆడపడుచు ఇంటికి పంపింది.

ఇప్పుడు పరిశీలన గదిలో మూడోసారి అవే ప్రశ్నలు. చెప్పి చెప్పి ఆమెకు నోరు నొప్పెట్టింది.

“ఆయన వెళ్ళాక ఎలా గడిచిందమ్మా?” అంది అధికారిణి.

“చెప్పాను కదండీ. నిద్ర లేదు, తిండి లేదు.”

“హాయిగా నిద్రపోయారని ఉందిక్కడ. నాడి ఒక్కసారే అదిరింది, తిరిగొస్తున్నానని ఆయన ఫోన్ చేసినప్పుడు.”

“సంతోషం మేడమ్, అదే రాసుకోండి,” అన్నాడు అనంతశయనం.

“పట్టీ చిరాకు అని చూపిస్తోందండీ.”

అతను భార్య వైపు తిరిగాడు. “పదకొండేళ్ళు నీ పక్కన వాయించానే. కాదని ఒక్క ముక్క చెప్పవేం?”

“ఈ ఎనిమిదీ కుదరవు,” అంది అధికారిణి. “ఆ రోజుల్లో ఇంకేమైనా కట్టారా?”

కట్టింది. కిటికీ పక్కన కాఫీ చల్లారుతుండగా, ఎవరి కోసమూ ఆగకుండా, ఎవరికీ సర్దుకోకుండా ఒకటి కట్టింది. ఆ సంగతి బయటపెడితే ఇంట్లో ఏమవుతుందో ఆమెకు తెలుసు.

“ఒకటుందండీ,” అంది. “దానికి వయొలిన్ అక్కర్లేదు.”