ఏ ఊరివాడు?

"మీ డేవిడ్‌రాజు ఆడటానికి వీల్లేదండి. అబ్జెక్షన్ వచ్చింది" అన్నాడు టోర్నమెంటు కమిటీ కార్యదర్శి భవానీప్రసాద్, చేతిలో కవరు ఊపుతూ.

నందిగామ బాస్కెట్‌బాల్ టీము మేనేజరు కిషోర్‌బాబుకి నోట్లో ఇడ్లీ ముక్క అక్కడే ఆగిపోయింది. సాయంత్రం ఐదింటికి జగ్గయ్యపేటతో ఫైనల్. ఎరువుల కొట్టు మూసేసి మరీ టీముని వెంటేసుకుని ఇంత దూరం వచ్చాడు. ఆరడుగుల ఆరంగుళాల డేవిడ్‌రాజు లేకపోతే కప్పు సంగతి దేవుడెరుగు, పరువు దక్కడమే కష్టం.

"ఏంటండీ అబ్జెక్షను?"

"ఊరి టీములో ఆ ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లే ఆడాలని మన రూలు కదా. ఇతని ఆధార్‌లో సేలం అడ్రసుంది. ఇదిగో, జిరాక్సు కూడా జతచేశారు."

"ఎవరిచ్చారు?"

"విచారణ అయ్యేదాకా పేరు చెప్పకూడదు. మూడింటిలోగా రుజువులు తెండి. తేలేకపోతే ఇతన్ని పక్కనపెట్టి ఆడుకోండి."

ఎవరిచ్చారో కిషోర్‌బాబుకి ఒకరు చెప్పాలా? కోర్టు అవతల జగ్గయ్యపేట టీము మేనేజరు వెంకట్ తాపీగా చెరుకురసం తాగుతున్నాడు. కిషోర్‌బాబు అతన్ని నమిలి మింగేసేలా చూశాడు.

డేవిడ్‌రాజు మాత్రం రేకుల షెడ్డు కింద కాళ్లు బారజాపుకుని మోకాలికి పట్టీ చుట్టుకుంటున్నాడు. పద్నాలుగేళ్లలో పదకొండు టీములకి ఆడిన మనిషి. సేలం, కొచ్చి, లూధియానా... ఎవరు పిలిస్తే వాళ్ల జెర్సీ తొడుక్కోవడం, సీజను అవగానే సంచి సర్దుకోవడం. ఏ టీము అడిగితే ఆ ఊరికి ఆధార్ మార్పించుకోవడం. ముప్ఫై ఆరేళ్లకి, ఇక ఆట మానేసే ముందు ఒక్క మ్యాచైనా సొంతూరికి ఆడదామని వచ్చాడు.

"ఏమయ్యా డేవిడూ, విన్నావా?"

"విన్నానండి."

"కోపం రావట్లా నీకు?"

"అలవాటేనండి. కొచ్చిలో తమిళోడన్నారు. సేలంలో తెలుగోడన్నారు. ఎక్కడికెళ్లినా బయటోణ్ణే." పట్టీ బిగించి ముడేశాడు. ఆ ముఖంలో బాధా లేదు, ఆశా లేదు. "వద్దంటే వెళ్లిపోతానండి. మీ ఇష్టం."

కిషోర్‌బాబుకి ఒళ్లు మండింది. గోడకి చెప్పినా కాస్త తిరిగి పలుకుతుంది. "మా ఇష్టమేంటయ్యా! నువ్వు మావాడివి! ఎవడు కాదంటాడో చూస్తా!" అని అరిచి, కారెక్కి నందిగామ వైపు ఉరికించాడు.

రెండున్నరకి కారు తిరిగొచ్చింది. అందులోంచి డేవిడ్‌రాజు తల్లి జయమణి, అతనికి చిన్నప్పుడు చదువు చెప్పిన రాఘవమ్మ టీచరు, బాప్తిస్మం రిజిస్టరు గుండెకి హత్తుకుని పాస్టరుగారూ దిగారు. వెనకాలే రెండు ఆటోల నిండా డేవిడ్ వాళ్ల వీధి జనం. వాళ్లని ఎవరూ రమ్మనలేదు. మన డేవిడ్‌ని మన ఊరోడు కాదంటున్నారట అన్న మాట చెవిన పడింది, అంతే, పనులు మానుకుని ఎక్కేశారు.

పాస్టరుగారు రిజిస్టరు తెరిచి, పుట్టిన నలభయ్యో రోజున బాప్తిస్మం ఇచ్చిన పేజీ భవానీప్రసాద్ ముందు పెట్టారు.

రాఘవమ్మ టీచరు తన వంతు వచ్చేదాకా ఆగలేదు. "ఏడో తరగతిలోనే వీడి కాళ్లు బెంచీ కింద పట్టేవి కావండి. గుమ్మం పక్కన కూర్చోబెడితే కాళ్లు వరండాలో పెట్టుకుని పాఠం వినేవాడు. హెడ్మాస్టరుగారు రెండుసార్లు తట్టుకుని పడ్డారు! ఇంకేం రుజువు కావాలి మీకు?"

అందరూ గొల్లుమన్నారు. డేవిడ్‌రాజు తల వంచుకుని నిలబడ్డాడు.

"ఆధార్ కార్డుకేం తెలుసయ్యా?" అంది జయమణి టేబులు మీద చెయ్యేసి. "నందిగామలో కన్నా వీణ్ణి. నందిగామ నీళ్లు తాగే ఇంత పొడుగయ్యాడు. మావాడు కాదన్నోడెవడో ఇలా ముందుకి రమ్మనండి, నేను మాట్లాడతా!"

"మావాడే!" అని వెనకనుంచి అరుపులు లేచాయి. అందరికన్నా గట్టిగా అరిచింది కిషోర్‌బాబే. గొంతు బొంగురుపోయింది.

అప్పుడు వెంకట్ లేచాడు. కిషోర్‌బాబు పళ్లు నూరాడు.

"నందిగామవాడేనండి, మాకు తెలీదా?" అన్నాడు వెంకట్. "స్కూలు పోటీల్లో మమ్మల్ని ఏడిపించింది ఇతనే. ఆడనివ్వండి. ఇతను లేకుండా గెలిస్తే మాకు మాత్రం పరువేముంది?"

అయితే అబ్జెక్షనిచ్చింది ఇతను కాదా? కిషోర్‌బాబు చుట్టూ ఉన్న ముఖాలన్నీ ఒక్కొక్కటే వెతికాడు.

భవానీప్రసాద్ నాలుగు ముక్కలు రాసి పైకి చదివాడు. "డేవిడ్‌రాజు నందిగామ వాస్తవ్యుడని కమిటీ నిర్ధారించడమైనది."

డేవిడ్‌రాజు తలెత్తాడు. "సార్, ఇంకొక్కసారి చదువుతారా?"

భవానీప్రసాద్ మళ్లీ చదివాడు. డేవిడ్‌రాజు తువ్వాలుతో ముఖం కప్పుకుని, చాలాసేపు తుడుచుకుని, కోర్టులోకి నడిచాడు. వీధి జనం ఈలలు వేస్తూ వెంట నడిచారు.

కిషోర్‌బాబు కదల్లేదు. "విచారణ అయిపోయిందిగా. ఇప్పుడైనా చెప్పండి. మావాణ్ణి పరాయివాణ్ణి చేయబోయిన ఆ దౌర్భాగ్యుడెవడు?"

"వదిలేయండి కిషోర్‌బాబు గారూ. తెలుసుకుని ఏం చేస్తారు?"

"తెలియాల్సిందేనండి. వాణ్ణి మాత్రం వదిలిపెట్టను."

భవానీప్రసాద్ నిట్టూర్చి, కవర్లోంచి కాగితం తీసి చేతికిచ్చాడు.

కాగితం అడుగున ఉన్న సంతకం డేవిడ్‌రాజుది.