తెల్లబోయిన పగడం

“ఆ లైటు ఇంకో వారం వెలిగిందంటే నా పగడం నాకు దక్కదు. తీయించెయ్యి నాయనా” అంది అత్తగారు.

“వెలుగు చాలకే అది వెలవెలబోతోంది అత్తయ్యా. ఇంకాస్త పెంచాలి” అన్నాడు అల్లుడు.

“చాలక కాదు, ఎక్కువై తెల్లబోయింది.”

అప్పుడే లోపలికి అడుగుపెట్టిన అక్వేరియం షాపతను గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. పది రోజుల కిందట పాత లైటు కాలిపోతే, వాడి చూసుకోమని రెండు లైట్లు ఇచ్చి వెళ్ళింది అతనే. ఒకటి పెద్దది, ఇప్పుడు వెలుగుతున్నది అదే. ఫోన్లోంచి నొక్కితే సూర్యోదయం, సూర్యాస్తమయం కూడా చూపిస్తుంది. రెండోది చిన్నది, ఉన్నది ఒక్కటే బొత్తాం. ఇవాళ ఏదో ఒకటి బిగించి ఇంకోటి పట్టుకుపోవాలి. తగువు తీర్చగల కూతురేమో పొద్దున్నే ఆఫీసుకు చక్కా పోయింది.

హాల్లో గోడవారగా ఉప్పునీటి తొట్టి ఉంది. నడిమి రాయి మీద అరచేతంత పగడం. రెండేళ్ళ కిందట అది గోరంత ముక్క. నీళ్ళు మార్చి, ఉప్పు కలిపి, నాచు గీకి, దాన్ని అంత చేసింది అత్తగారే. ఆకుపచ్చగా నిగనిగలాడాల్సిన పగడం అంచులు ఇప్పుడు పాలిపోయి ఉన్నాయి.

అల్లుడు ఫోన్ ముందుకు చాపాడు. “ఈ పట్టిక చూడండి. ఇంత తొట్టికి ఇంత పవర్ కావాలని రాసుంది. నేను ఊరికే అనడంలేదు.”

“ఆ పట్టిక రాసినవాళ్ళు నా పగడాన్ని చూశారా?”

“ఇది నాటకం కాదత్తయ్యా, సైన్సు.”

ఆవిడ మనసు చివుక్కుమంది. ముప్ఫై ఏళ్ళు నాటకాలకు లైట్లు వేసిన మనిషి. నటులంతా ఆవిణ్ణి లైట్లమ్మ అనే పిలిచేవారు.

“కర్టెన్లు మూసెయ్యి. బయటి వెలుతురు కలవకూడదు” అంది.

వంటింట్లోకి వెళ్ళి, సబ్బు తగలనివ్వకుండా మోచేతిదాకా చెయ్యి కడుక్కుంది. ఒక తెల్ల సాసరు కూడా శుభ్రంగా కడిగి తెచ్చింది. హాలు చీకటైంది. తొట్టి మీద పెద్ద లైటు ఒక్కటే వెలుగుతోంది. ఆవిడ స్టూలెక్కి సాసరును నీళ్ళలో ముంచి, అంగుళం అంగుళం జరపసాగింది.

“నటులు రాకముందు తెల్ల రుమాలు పట్టుకుని స్టేజంతా ఇలాగే తిరిగేదాన్ని. ముఖాలకు మెరుగు పెట్టే వెలుగేదో, ముఖాలకు సున్నం కొట్టే వెలుగేదో రుమాలే చెప్పేది” అంది. సాసరు పగడం పక్కకొచ్చి ఆగింది. “ఇదిగో, ఇక్కడ మంట. ఆ ఎడం మూల ఇందులో సరిగ్గా సగం. పగడానికి కావలసింది ఆ సగమే. చిన్న లైటు పెడితే నడిమి రాయి మీద అంతే పడుతుంది, మొన్న చూశాను.”

షాపతను అలా చూస్తూ ఉండిపోయాడు. లైట్లు కొనేవాళ్ళు ఎంతోమంది తెలుసు అతనికి. అందరూ సోఫాలో కూర్చుని తమ కంటికి ఏది బాగుందో చూసుకునేవాళ్ళే. రాయి మీద కూర్చున్న పగడానికి ఏది బాగుంటుందో చూసిన మనిషి ఈవిడొక్కతే. అతనికి చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

“కంటి లెక్కలెందుకండీ, మీ దగ్గర మీటరుందిగా” అన్నాడు అల్లుడు అతనితో. “కొలవండి. అంకె ఎంతంటే అంతే. ఆ పైన నేను ఇంకో మాట అంటే అడగండి.”

షాపతను సంచిలోంచి మీటరు తీసి, తీగ చివరి బిళ్ళను పగడం పక్కకు వదిలాడు. బొత్తాం నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. పాలిపోయిన పగడం వంక ఓసారి, స్టూలు మీదున్న ఆవిడ వంక ఓసారి చూశాడు. తర్వాత మీటరును గుండెకు దగ్గరగా పట్టుకుని తల వంచాడు.

“మూడు వందల ఇరవై.”

“మూలలో?”

బిళ్ళను జరిపాడు. “నూట అరవై.”

అల్లుడు ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు. “సరిగ్గా సగం” అన్నాడు. “దీనికి ఎంతుండాలి?”

“ఈ రకానికి నూట యాభై, అటూ ఇటూగా. వెలుగు చాలకపోతే పగడం గోధుమరంగుకి తిరుగుతుంది సార్. పాలిపోయిందంటే ఎక్కువైనట్టే.”

అల్లుడు మొండివాడే గాని మాట తప్పే మనిషి కాదు. తనే స్క్రూడ్రైవర్ తెచ్చి పెద్ద లైటు విప్పాడు. చిన్నది బిగించేటప్పుడు, “ఎంత ఎత్తులో పెట్టమంటారత్తయ్యా?” అని కూడా అడిగాడు.

మూడు వారాల తర్వాత షాపతను ఉప్పు డబ్బా ఇవ్వడానికి వచ్చాడు. పగడం అంచులకు పచ్చదనం తిరిగొచ్చింది. తొట్టి పక్కన గోడకు అల్లుడు ఒక కాగితం అంటించాడు. నడుమ 320, మూల 160, అత్తయ్య కన్నూ మీటరూ ఒక్కటే అని అందులో ఉంది.

“వచ్చిన ప్రతివాళ్ళకీ చదివి వినిపిస్తున్నానండీ” అన్నాడు అల్లుడు మురిసిపోతూ. “సాసరు చెప్పిందే మీటరు చెప్పింది, పొల్లు పోకుండా.”

షాపతను డబ్బా దించి బయల్దేరాడు. అత్తగారు లిఫ్టుదాకా సాగనంపింది.

“మీలాంటి కన్ను నేనెక్కడా చూడలేదమ్మా” అన్నాడు మనస్ఫూర్తిగా.

“నీ మేలు మర్చిపోనులే బాబూ” అంది ఆవిడ గొంతు తగ్గించి. “కాకపోతే ఈసారి మీటరులో బ్యాటరీ వేసుకుని రా, అది వెలిగుంటే ఆ చీకట్లో నీ గడ్డం మీద కాస్తయినా వెలుగు పడేది.”