ఊ కొట్టమ్మా

"మంచం తలవైపు దించాను, లేవకండి. మెడ నరంలోని గొట్టం లాగేటప్పుడు ఊపిరి పీలిస్తే గాలి గుండెలోకి పోతుంది," అంది నర్సు.

అమ్మ బెదిరి మరింత రొప్పసాగింది. నర్సు చెయ్యి ఆగిపోయింది.

కూతురు వంగింది. "కథ చెప్తానమ్మా, ఊ కొట్టు. ఊపిరి వదులుతూ, పొడుగ్గా."

నర్సు సరేనని తలూపింది.

"ఒకావిడ ఒళ్ళు తెలియకుండా పడుంది."

"ఊఁ..."

"ఆవిడతో ఎప్పుడో మాటలు మానేసిన చెల్లెలు రోజూ వచ్చి తలుపు బయటే కూర్చునేది."

అమ్మ కళ్ళు తలుపు వైపు తిరిగాయి.

"ఊ కొట్టండి," అంది నర్సు గొట్టం పట్టుకుని.

"లోపలికొస్తే అక్క కసురుతుందని భయం."

"ఊఁ..." అమ్మ కళ్ళు నిండాయి. ఆ ఊ సాగుతుండగానే గొట్టం బయటికొచ్చింది. నర్సు గాయాన్ని గట్టిగా అదిమి పట్టింది. "వచ్చేసింది. ఇంకాసేపు పడుకునే ఉండాలి."

"నేనెలాగూ లేవకూడదుగా," అంది అమ్మ. "మీ పిన్నినే లోపలికి రమ్మను."